దూలం మీద బంగారు పిట్ట

"రేపు పొద్దున వాడరేవు పోతున్నామని చెప్పు నాన్నా. నువ్వు చెబితే నమ్ముతాడు," అన్నాడు మా అబ్బాయి.

చెప్పాల్సింది మా మనవడికి. వాడికి ఆరేళ్ళు. తెల్లారితే గుంటూరులో ఒక ఆసుపత్రిలో వాడికి సుంతీ. డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి చేస్తాడు, పావుగంట పని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయవచ్చు. కష్టమల్లా వాణ్ణి కారెక్కించడమే. కిందటేడు జ్వరానికి సూది వేయించినప్పటి నుంచి ఆసుపత్రి ఉన్న వీధిలోకి కారు తిరిగితే చాలు, రాగం మొదలెడతాడు. అందుకని కొడుకూ కోడలూ కూడబలుక్కుని సముద్రానికి పోతున్నామనే ఈ వాడరేవు పథకం వేశారు. ఇసుకలో ఆడుకోవడానికి ఒక ప్లాస్టిక్ బకెట్టు, చిన్న పార కూడా కొని, వాడికి కనపడేలా సంచిలో పెట్టారు. మా కోడలు పిల్లల పెంపకం గురించి ఫోనులో వీడియోలు చూస్తుంది, మంచివనిపిస్తే నాకూ పంపుతుంది. పోయిన వారం పంపిన దాంట్లో ఒక పెద్దమనిషి, పిల్లలతో అబద్ధమాడటం ఇస్లాంలో ఎంత తప్పో గంటసేపు చెప్పాడు. బాగానే చెప్పాడు. ఆయనకు ఈ బకెట్టు సంగతి తెలియదు.

నేను అన్నం తింటున్నాను. "నువ్వు చెబితే నమ్ముతాడు" అన్న మాట దగ్గర ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ మాట నా బతుకులో అంతకుముందు రెండుసార్లు విన్నాను. రెండుసార్లూ అన్నది మా నాన్నే. మొదటిసారి మా నాయనమ్మతో అన్నాడు. రెండోసారి నాతో.

మేము దూదేకులవాళ్ళం. ఒంగోలుకి బస్సులో గంటన్నర దూరంలో, మిరప, పత్తి పండే నల్లరేగడి ఊరు మాది. ఇంట్లో మాట్లాడేది తెలుగే. నమాజు మాత్రం అరబ్బీలో, అదీ నోటికి వచ్చినంత. మా తాత దూది ఏకేవాడు. మనిషి నిలువెత్తు ఉండే విల్లుని మా వసారాలో దూలానికి వేలాడదీసి, దాని నరం మీద కొయ్య సుత్తితో కొడుతుంటే టంయ్ టంయ్‌మని వీధి చివరిదాకా వినపడేది. గట్టిపడిపోయిన పాత పరుపుల దూది ఆ దెబ్బకి విడివడి, తేలికై, గాలిలోకి లేచేది. పెళ్ళిళ్ళ రోజులు వచ్చాయంటే ఊళ్ళో రైతుల ఇళ్ళనుంచి పరుపులు బండ్ల మీద వచ్చి మా గుమ్మం ముందు పడేవి. సాయంత్రానికి మా తాత కనుబొమ్మలు, మీసాలు, చెవుల్లో వెంట్రుకలు అన్నీ తెల్లగా దూదితో నిండిపోయేవి. పిల్లలం ఆయన్ని చూసి నవ్వితే, ఆయన మా తల మీద చెయ్యి దులిపి మమ్మల్నీ ముసలాళ్ళని చేసేవాడు.

ఆ ఇంటి వాసన నా ముక్కుకి ఇప్పటికీ తెలుసు. పాత దూది మక్కిన వాసన, గోంగూర ఉడుకుతున్న పులుపు, దాని మీద కల్లాల నుంచి గాలి మోసుకొచ్చే ఎండుమిరప ఘాటు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మా ఊళ్ళో తుమ్మకుండా ఒక మాట పూర్తి చేసినవాళ్ళు లేరు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కూడా తుమ్ముతూనే కట్నకానుకలు మాట్లాడుకుని వెళ్ళేవారు.

మా నాయనమ్మ పొట్టి మనిషి, గట్టి గొంతు. చదువు లేదు. కానీ అబద్ధం విషయంలో ఆమెకి ఒక పట్టింపు ఉండేది. ఒకసారి నేను గుప్పిట మూసి, అందులో గింజలున్నట్టు ఆడిస్తూ "బో బో" అని కోళ్ళని పిలిచాను. నాకు కావలసింది ఎర్రపెట్టని పట్టుకుని దాని తోక ఈక పీకడం. కోళ్ళు పరుగెత్తుకొచ్చాయి. నాయనమ్మ నా వెనకే నిలబడి ఉంది.

"గుప్పిట విప్పరా."

విప్పాను. ఖాళీ.

"పిలిచావుగా? పెట్టు."

లోపలికి తీసుకెళ్ళి గుప్పెడు జొన్నలు చేతిలో పోసి, మళ్ళీ పిలిపించి, గింజలు వేయించింది. ఈక పీకినా అంత తిట్టేది కాదేమో. "కోడికేం తెలిసిద్ది నాయనమ్మా?" అంటే, "కోడికి తెలవదు. నీకు తెలిసిద్దిగా," అంది. అప్పుడే చెప్పింది, ఊరికి వచ్చిన ఒక మౌల్వీగారి ప్రసంగంలో విన్నదట. పిల్లాణ్ణి 'దా, నీకొకటి ఇస్తా' అని పిలిచి చేతిలో ఏమీ పెట్టకపోతే, అది కూడా మన లెక్కలో అబద్ధంగానే రాస్తారని ప్రవక్త చెప్పారట. ఆ మాట ఆమెకి ఎంత పట్టిందంటే, మాకు మందు పోసేటప్పుడు కూడా మిగతా తల్లుల్లా 'తియ్యగా ఉంటది నాయనా' అనేది కాదు. "నేలవేము కషాయం. చేదు. మూడు గుటకలు," అనేది. ఏడ్చేవాళ్ళం. అయినా నోరు తెరిచేవాళ్ళం, ఎందుకంటే సరిగ్గా మూడు గుటకలే ఉండేవి. నాలుగోది ఎప్పుడూ లేదు.

మా నాన్న తరహా వేరు. చెడ్డవాడు కాదు. మాట ఇచ్చేటప్పుడు మనస్ఫూర్తిగానే ఇచ్చేవాడు, ఆ వెంటనే మనస్ఫూర్తిగా మర్చిపోయేవాడు. నాకు సముద్రం చూపిస్తానని ఎన్నిసార్లు చెప్పాడో. మా ఇంటి ముందు నుంచి కొత్తపట్నం ఎండుచేపలు అమ్మే ఆడమనిషి తట్ట పెట్టుకుని వెళ్ళేది. సముద్రం గురించి నాకు తెలిసింది ఆ తట్ట వాసనే.

నా ఏడో ఏట ఒక పొద్దున నాన్న, "లేవరా, కొత్తపట్నం పోతున్నాం," అన్నాడు. కుంకుడుకాయతో తలంటారు. కొత్త లాల్చీ తొడిగారు. మెడలో మల్లెపూల దండ వేశారు. సముద్రం చూడటానికి దండ ఎందుకని నాకు అనుమానం రాలేదు. సముద్రం పెద్దది కదా, మర్యాదగా వెళ్ళాలేమో అనుకున్నాను. చీరాల నుంచి మేనమామ వచ్చాడు. పెరట్లో పొయ్యి మీద పెద్ద డేగిశా ఎక్కింది. ఇంతమందీ సముద్రానికి వస్తున్నారని పొంగిపోయాను.

అప్పుడు గుమ్మం ముందు సైకిలు ఆగింది. సుంతీలు చేసే హజాం తాత దిగాడు. చుట్టుపక్కల పది ఊళ్ళకి ఆయనే. ఆయన సైకిలు హ్యాండిల్‌కి ఒక చిన్న చెక్కపెట్టె వేలాడేది. మా వీధిలో మగపిల్లలందరికీ ఆ పెట్టె తెలుసు.

నాకు అర్థమయ్యేసరికి మేనమామ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మోకాళ్ళు పట్టేసుకున్నాడు. ఇలాంటప్పుడు మా వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. చుట్టూ ఉన్న మగవాళ్ళంతా పైకి చూపించి, "అదిగో బంగారు పిట్ట!" అని అరుస్తారు. పిల్లాడు పిట్ట కోసం తలెత్తుతాడు. ఆ రెప్పపాటులో హజాం పని కానిచ్చేస్తాడు. తాతల నాటి నుంచి అందరూ ఆ పిట్టని చూడబోయినవాళ్ళే. నాకంటే పెద్ద పిల్లలు నాకు ముందే చెప్పి ఉన్నారు. అందుకని అరిచాను.

"పిట్టా లేదు గిట్టా లేదు! నేను చూడను!"

తన్నాను, కొరికాను. మేనమామ చేతి మీద నా పళ్ళ గుర్తు చాలా ఏళ్ళు ఉంది, పండగలకి వచ్చినప్పుడల్లా చూపించేవాడు. హజాం తాత కత్తి కిందపెట్టేశాడు. "పిల్లాడు ఇట్టా కదిలితే నేను చెయ్యనయ్యా. ఎక్కడన్నా తెగరాని చోట తెగితే ఎవరు జవాబు చెప్పాలి?" అన్నాడు.

గదిలో మగవాళ్ళే ఉన్నారు. ఆడవాళ్ళు గుమ్మం అవతల. నాన్న గుమ్మం దాకా వెళ్ళి నాయనమ్మతో అన్నాడు, "అమ్మా, మా మాట వినటంలా. నువ్వు చెబితే నమ్ముతాడు."

ఆమె గుమ్మంలోకి వచ్చింది. నేను ఏడుపు ఆపి ఆమె వైపే చూశాను. ఆమె చెబుతుంది కదా, పిట్ట లేదని, వదిలెయ్యమని. నాయనమ్మ గొంతు కొంచెం మారింది.

"నాయనా, దూలం మీద చూడు. బంగారు పిట్ట."

నేను తలెత్తాను. పిట్ట లేదని తెలిసీ ఎత్తాను. ఆమె ఉందని చెప్పింది కాబట్టి, పెద్ద పిల్లలే అబద్ధం చెప్పి ఉంటారనుకున్నాను. దూలానికి మసి పట్టి ఉంది. ఒక ఉట్టి వేలాడుతోంది. అంతే.

నొప్పి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అందరికీ ఉండేదే, వారంలో తగ్గిపోయేదే. నన్ను మంచం మీద పడుకోబెట్టి, గుడ్డ ఒంటికి తగలకుండా ఎర్ర లుంగీని పై నుంచి తాడు కట్టి గుడారంలా వేలాడదీశారు. కోడిగుడ్లు, నెయ్యి కారే రవ్వ హల్వా, చూడ్డానికి వచ్చినవాళ్ళు తెచ్చిన బిస్కెట్లు, దేనికీ లోటు లేదు. నేను ఆ గుడారం కింద నుంచి దూలం వంకే చూస్తూ పడుకునేవాణ్ణి. పిచ్చుకలు వచ్చి వాలేవి.

మొదటిరోజు సాయంత్రమే నాయనమ్మ హల్వా పట్టుకొచ్చింది. "పిట్ట ఏది?" అన్నాను. "తిను నాయనా, వేడిగా ఉంది," అంది.

"నిజంగానా?" అన్నాను.

అక్కడ నుంచి మొదలైంది. అన్నం పెట్టానంటే, నిజంగానా? బయట వాన పడుతోందంటే, నిజంగానా? ఆ ఎండాకాలం నాకు కడుపులో బాగాలేక కషాయం కాచింది. "మూడు గుటకలే," అంది. నేను నోరు తెరవలేదు. మూడే అని ఏమిటి నమ్మకం? చివరికి నలుగురు పట్టుకుని పోశారు. నాయనమ్మ ఖాళీ గిన్నె పట్టుకుని పెరట్లోకి పోయి చాలాసేపు కూర్చుంది. నాకు జాలి వేసిందని చెప్పాలని ఉంది కానీ, వేయలేదు. బాగా అయింది అనుకున్నాను.

రంజాన్ నెల ముందురోజు నాయనమ్మ ఊళ్ళో మా వాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి, "తెలిసీ తెలవకా ఏమన్నా అని ఉంటే మాఫ్ చెయ్యండమ్మా," అని అడిగి వచ్చేది. వాళ్ళూ, "అయ్యో, ఏముందమ్మా, మాఫ్," అనేవాళ్ళు. అది ఏటా జరిగేదే. అడిగేవాళ్ళూ ఇచ్చేవాళ్ళూ ఎవరూ పెద్దగా ఆలోచించేవాళ్ళు కాదు. ఆ ఏడు మాత్రం అందరి ఇళ్ళూ తిరిగొచ్చి, వసారాలో గోళీలు ఆడుకుంటున్న నా ముందు నేల మీద చతికిలబడింది.

"నాయనా, నీకు అబద్ధం చెప్పా. పిట్ట లేదు. నువ్వు కదులుతుంటే కత్తి ఎక్కడ తగులుద్దోనని భయపడి చెప్పా. భయపడి చెప్పినా అది అబద్ధమే. నన్ను మాఫ్ చెయ్యి."

వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఇదేం చోద్యం అత్తయ్యా, వేలెడంత లేడు, వాడి ముందు కూర్చుని అడగటం ఏంది?"

నేను గోళీ గురిచూస్తూ, "చెయ్యను," అన్నాను.

నాన్న చెయ్యెత్తాడు. నాయనమ్మ అడ్డం పడింది. "వాణ్ణి కొట్టబాకు. అడిగింది నేను. ఇయ్యటం ఇయ్యకపోవటం వాడిష్టం. మనిషికి చేసిన తప్పు ఆ మనిషే మాఫ్ చెయ్యాలి. వాడు చెయ్యందే పైన అల్లా కూడా నాకు చెయ్యడు." తర్వాత నా వైపు తిరిగి, బేరం మాట్లాడే మనిషిలా అడిగింది, "మరి ఏం చేస్తే చేస్తావు?"

"సముద్రం చూపించు."

"అది నేనన్న మాట కాదుగా, మీ నాన్న అన్నది."

"ఎవరన్నా మనింట్లోనేగా అన్నది," అన్నాను. ఆమె, "అదీ నిజమే," అంది.

ఆ నెలంతా నాయనమ్మ మాఫ్ దొరకని మనిషిగానే రోజాలు ఉంది. పండగ అయిన మూడోరోజు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. జొన్నరొట్టెలు, ఎర్రకారం, ఉల్లిపాయ గుడ్డలో మూట కట్టింది. ఒంగోలులో దిగి కొత్తపట్నం బస్సు కోసం ఇద్దర్ని అడిగింది. ఇద్దరూ చెరోవైపు చూపించారు. మూడోవాణ్ణి, "నీకు నిజంగా తెలుసా అబ్బాయ్, లేకపోతే ఊరికే చెబుతున్నావా?" అని అడిగింది. బస్టాండులో నలుగురూ నవ్వారు.

సముద్రం దగ్గర ముందు వచ్చింది చేపల వాసన. ఇసుక మీద వలల నిండా చేపలు ఎండుతున్నాయి. పడవలు ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి. ఆ తర్వాత సముద్రం. నాయనమ్మ కూడా అదే మొదటిసారి చూడటం. నోటి మీద చెయ్యి వేసుకుని, "ఇంతుందా!" అంది. వేళ అయిందని నమాజుకి ఒడ్డున కూర్చుని ఆ నీళ్ళతోనే వజూకి చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించబోయి తుపుక్కున ఉమ్మేసింది. "ఉప్పురా బాబూ!" అని పకపకా నవ్వింది. ఆమె అంతగా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు. నమాజు అయ్యాక ఇద్దరం రొట్టెలు తిన్నాం. ఇసుక కరకరలాడుతోంది.

"మాఫ్ చేశావా?" అంది.

నోటినిండా రొట్టెతో, "చేశా," అన్నాను.

"నిజంగానా?" అంది.

ఇక్కడితో ఆపితే బాగుండేది. నాకు మర్యాదగా ఉండేది. కానీ మా తమ్ముడు ఉన్నాడు.

రెండేళ్ళ తర్వాత వాడి వంతు వచ్చింది. వాడికి ఆరేళ్ళు. ముందురోజు మధ్యాహ్నం నాయనమ్మ వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నా ఎదురుగానే చెప్పింది. "రేపు నీకు సుంతీ. హజాం తాత వచ్చి చేస్తాడు. మన మగపిల్లలందరికీ చేస్తారు, మీ తాతకీ చేశారు, మీ నాన్నకీ చేశారు. నొప్పి పుట్టిద్ది. చీమ కుట్టినదానికంటే ఎక్కువ, తేలు కుట్టినంత కాదు. ఏడుపొస్తే ఏడువు. నేను పక్కనే ఉండి నీ చెయ్యి పట్టుకుంటా. వదలను." తమ్ముడు అంతా విని, "సరే," అన్నాడు.

తెల్లారి చూస్తే మంచం మీద లేడు.

చుట్టాలు వచ్చేశారు. పలావు డేగిశా ఎక్కింది. హజాం తాత సైకిలు గోడకి ఆనించి, పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బావులన్నీ చూసి వచ్చారు. అమ్మ ఏడుస్తోంది. నాన్న అందరి ముందూ నాయనమ్మ మీద పడ్డాడు. "నీ నిజంతో కొంప ముంచావమ్మా! ఎవరన్నా ముందే చెబుతారా? పిల్లాడు ఏ బావిలోనన్నా పడితే నీ నిజం తెచ్చిద్దా వాణ్ణి?" ఆమె వసారాలో తాత విల్లు కింద గోడకి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

వాడెక్కడున్నాడో నాకు తెలుసు. ఊరి చివర మిరప కల్లంలో ఒక కావలి గుడిసె ఉండేది, అలిగినప్పుడల్లా ఇద్దరం అక్కడే దాక్కునేవాళ్ళం. నా మొహం చూసి నాన్న పట్టేశాడు. నా భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళాడు. "పెద్దోడివి నువ్వు. ఏదో ఒకటి చెప్పి తీసుకురా. నువ్వు చెబితే నమ్ముతాడు."

నాయనమ్మని అడిగి వెళ్ళొచ్చు. నిజం చెప్పి చూడొచ్చు. అవేవీ చెయ్యలేదు, పెద్దోడివి అన్న మాటకి ఉబ్బిపోయి, పలావు వాసన ఒకవైపు లాగుతుంటే పరుగెత్తాను. కల్లం నిండా ఎర్రగా కాయలు. గుడిసెలోంచి తుమ్ము వినపడింది, తర్వాత ఇంకొకటి.

"బయటికి రారా. హజాం పోయాడు," అన్నాను.

"అబద్ధం."

"సైకిలెక్కి పోవటం నేను చూశా. ఇవాళ వద్దన్నాడు నాన్న."

"ఒట్టా?"

"అల్లా తోడు," అన్నాను.

తమ్ముడు బయటికి వచ్చాడు. ముక్కు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరం నడిచాం. మా సందు మొదట్లో వాడు ఒక్కసారి ఆగాడు. నా చెయ్యి వదిలేశాడు. నేను భయపడ్డాను. కాసేపు నిలబడి, వాడంతట వాడే మళ్ళీ నడిచాడు.

ఇంట్లోకి వచ్చాక వాడు ఎవరినీ చూడలేదు. నేరుగా నాయనమ్మ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని మగవాళ్ళ గదిలోకి నడిచింది. ఎవరూ కాదనలేదు. మేనమామ పైకి చూపించి, "అదిగో..." అనబోయాడు. "పిట్ట లేదు," అంది నాయనమ్మ. "పిట్ట చూపించకపోతే ఎట్టాగమ్మా?" అన్నాడు హజాం తాత. "నా మొహం చూస్తాడులే. నువ్వు కానీయ్," అంది. తమ్ముడు ఏడ్చాడు, బాగా ఏడ్చాడు. కదల్లేదు.

భోజనాల దగ్గర నాన్న నాకు మూలుగ బొమిక తీసి వేశాడు. "నువ్వు లేకపోతే ఏమయ్యేదిరా," అన్నాడు. నాకు గొంతు దిగలేదని రాయాలనిపిస్తోంది. కానీ తిన్నాను. రుచిగానే ఉంది. ఇప్పటికీ సిగ్గుపడేది దానికే. నేనేం చెప్పి తెచ్చానో నాయనమ్మ అడగలేదు, తమ్ముడు చెప్పలేదు.

ఆ తర్వాత చాలా పోయాయి. హజాం తాత పోయాడు, ఆ పనికి ఆయన తర్వాత ఎవరూ రాలేదు. తాత పోయాడు. పరుపుల దూది పోయి స్పాంజి వచ్చింది. గుంటూరులో మా అబ్బాయి నడిపే కొట్లో అవే అమ్ముతాం, ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా. నాయనమ్మ పోయేనాటికి నేను పరీక్షల్లో ఉన్నాను, మట్టి వేయడానికి కూడా అందలేదు. విల్లు మాత్రం ఒంగోలులో మా తమ్ముడింట్లో గోడకి ఉంది. ఏటా రంజాన్ ముందు తమ్ముడికి ఫోన్ చేసి, "తెలిసీ తెలియకా ఏమన్నా అని ఉంటే మాఫ్ చెయ్యరా," అంటాను. వాడు "మాఫ్ అన్నయ్యా" అంటాడు. తెలిసి అన్నది ఒకటుందని, దానికి అల్లాని కూడా తోడు తెచ్చుకున్నానని మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ నోరు విప్పి చెప్పలేదు.

చెయ్యి కడుక్కుని, అబ్బాయితో "కాసేపాగు" అని చెప్పి, తమ్ముడికి ఫోన్ చేశాను.

"మిరప కల్లం గుర్తుందా?" అన్నాను.

"తుమ్ములు గుర్తున్నాయి."

"ఆ రోజు హజాం పోయాడని నీకు అబద్ధం చెప్పా. ఒట్టు కూడా పెట్టా."

"తెలుసు."

"ఇంటికి వచ్చాక తెలిసిందిలే, అది కాదు..."

"ఇంటికి రాకముందే తెలుసు అన్నయ్యా. సందు మొదట్లోనే కనపడింది, గోడకి ఆనించి ఉంది సైకిలు. ఆగాగా నేను."

"మరి పారిపోలేదేంది?"

"పారిపోదామనే నీ చెయ్యి వదిలా. నిలబడి ఆలోచించా. నొప్పి ఉండదని అంతమంది చెప్పారు. పుట్టిద్దని చెప్పింది నాయనమ్మ ఒక్కత్తే. చెయ్యి పట్టుకుంటానని కూడా ఆమే చెప్పింది. నొప్పి సంగతి నిజం చెప్పిన మనిషి చెయ్యి సంగతి అబద్ధం చెబుద్దా? అందుకని వచ్చా. నీ ఒట్టు దండగ."

నాకు ఏడుపు వచ్చింది. ఈ వయసులో, కొడుకూ కోడలూ చూస్తుండగా. ఆ రోజు విల్లు కింద కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డ మనిషికి ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఆమె తన నిజమే పిల్లాణ్ణి పోగొట్టిందనుకుంది. అదే వాణ్ణి తెచ్చిందని తెలియకుండానే పోయింది.

"మాఫ్ చేశావా?" అన్నాను.

"ఏటా చేస్తున్నాగా."

"అది అందరితో కలిపి. ఇది విడిగా."

తమ్ముడు నవ్వాడు. "ఊరికే చెయ్యను. అప్పుడు మీరిద్దరే పోయి సముద్రం చూసొచ్చారు. నన్ను తీసుకుపోలా."

ఫోను పెట్టేసి మనవణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. కోడలు తలుపు దగ్గర నిలబడింది. రేపు వాడరేవు కాదని, ఆసుపత్రి అని చెప్పాను. సూది ఉంటుందన్నాను. నొప్పి చీమకంటే ఎక్కువ, తేలంత కాదు అన్నాను. చెయ్యి పట్టుకుంటానన్నాను. పుండు మానాక ఒంగోలు నుంచి చిన్నతాతని కూడా పిలిచి, అందరం వాడరేవు పోదామన్నాను.

"నిజంగానా?" అన్నాడు వాడు. ఆ మాట ఎక్కడ నేర్చాడో తెలియదు.

పొద్దున వాడు ఏడుస్తూనే కారెక్కాడు. దారంతా ఏడ్చాడు. ఆసుపత్రి గదిలో నర్సమ్మ మంచిది, సెల్‌ఫోను వాడి తల మీదుగా ఎత్తి పట్టుకుని, "అటు చూడు నాన్నా, బొమ్మల్లో పిట్ట ఎగురుతోంది," అంది. ఫోనులో నిజంగానే ఏదో రంగుల పిట్ట ఎగురుతోంది. మనవడు అటు చూడలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని నా మొహమే చూశాడు. సూది దిగింది. వాడికి భయం వేయకుండా నా మొహాన్ని అలాగే నిలపడానికి నేను పడ్డ కష్టం నాకు తెలుసు. నాయనమ్మకి ఎంత కష్టమై ఉంటుందో అప్పుడు తెలిసింది.